నూనె మరకలు తీయకండి

అందరికీ నమస్కారం.

ఇందాక నన్ను పరిచయం చేసినవారు పుస్తకాల డాక్టరు అన్నారు. అంత లేదండీ. చిరిగిన పుస్తకాలు కుడతాను, ఊడిన అట్టలు అంటిస్తాను. మా వైద్యంలో ముఖ్యమైన మందు మైదా జిగురు. పిండిని చల్లటి నీళ్లలో కలుపుకుని, సన్నని మంట మీద పెట్టి, ఉండ కట్టకుండా తిప్పుతూ, ముద్ద కాస్త మెరుపు తేలేదాకా ఉడికించాలి. వంటల గురించి మాట్లాడటానికి నాకున్న అర్హత ఆ ఒక్క వంటకమే. (నవ్వులు) అదీ తినేది కాదు.

ఇంటర్నెట్ ఉండగా అచ్చు వంట పుస్తకం ఎందుకు అన్నది కదా ఇవాళ్టి మాట. ముందే ఒక సంగతి ఒప్పేసుకుంటాను. ఎన్ని వంటలు దొరుకుతాయి, ఎంత త్వరగా దొరుకుతాయి అనే పోటీలో ఇంటర్నెట్ ఎప్పుడో గెలిచేసింది. రాత్రి ఎనిమిదింటికి ఇంట్లో రెండు గుడ్లు, సగం క్యాబేజీ మిగిలితే నేనూ ఫోనే తీస్తాను, అలమర దగ్గరికి వెళ్లను. ఈ మాట దాచిపెట్టి అచ్చు పుస్తకం గొప్పదంటూ మాట్లాడితే మీరు నవ్వుకుంటారు, నవ్వుకోవాలి కూడా.

అయినా నన్ను చాలా ఏళ్లుగా ఒక విషయం తికమక పెడుతూ వచ్చింది. నవల పాడైతే బాగుచేయించేవాళ్లు తక్కువ. ఇంకో కాపీ కొనుక్కుంటారు. వంట పుస్తకం తెచ్చేవాళ్లు మాత్రం ఇదే కావాలంటారు. బజార్లో కొత్తది దొరుకుతోందండీ, నాకిచ్చే కూలి కంటే తక్కువకే వస్తుందండీ అని నా నోటితో నేనే చెప్పినా వినరు. అందులో ఉన్న వంటలన్నీ ఫోన్‌లో ఉన్నాయి. అదే పుస్తకం కొత్తది దుకాణంలో ఉంది. మరి ఈ చినిగిపోయిన దానిలో ఉన్నదేమిటి?

ఒక పుస్తకం సంగతి చెబుతాను. పోయినేడాది ఒకావిడ గుడ్డసంచిలో పెట్టి తెచ్చారు. వీపు పూర్తిగా పోయింది, ఫారాలు, అంటే మడిచి కుట్టే కాగితాల కట్టలు, విడిపోకుండా పురికొసతో కట్టారు. కొస విప్పి, పుస్తకాన్ని బల్ల మీద వీపు ఆనేలా నిలబెట్టి, రెండు చేతులూ వదిలేశాను. నేను చేసే మొదటి పరీక్ష అది. ఎక్కువగా వాడిన చోట పుస్తకం దానంతటదే తెరుచుకుంటుంది. ఇది 118వ పేజీ దగ్గర తెరుచుకుంది. చూస్తే కేకు.

ఆ పేజీ మధ్యలో అరచేతంత నూనె మరక. అవతలి పేజీ అక్షరాలు అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు తారుమారై ఇవతలికి కనబడుతున్నాయి. ఇక్కడ కొంచెం నా విద్య చూపించుకోనివ్వండి. కాగితం తెల్లగా ఉండటానికి కారణం దాని నారల మధ్య ఇరుక్కున్న గాలి. వెలుతురు నారకీ గాలికీ మధ్య పదేపదే దారి మారి చెదిరిపోతుంది, మన కంటికి తెల్లగా కనిపిస్తుంది. నూనె వెళ్లి ఆ గాలి ఉన్న చోట్లలో కూర్చుంటే వెలుతురు అంతగా చెదరదు, నేరుగా దాటిపోతుంది. అందుకే నూనె పడ్డ కాగితం చిన్న కిటికీలా అయిపోతుంది. బూజుకీ బొద్దింకలకీ కూడా ఆ చోటే ఇష్టం, అది వేరే కథ.

మరక పక్కన పెన్సిల్‌తో రాసి ఉంది: "చక్కెర మరీ ఎక్కువ." దాని కింద నీలం పెన్నుతో, ఇంకో రోజు రాసినట్టుంది: "ముప్పావు కప్పు చాలు." ఆ కింద వేరే చేతిరాత, పెద్ద పెద్ద గుండ్రటి అక్షరాలు: "కాదు. కప్పే బాగుంది." (నవ్వులు) ఆవిణ్ణి అడిగాను. మొదటి రెండూ వాళ్లమ్మగారు రాసినవట. మూడోది తనే, తొమ్మిదేళ్ల వయసులో.

118 నుంచి నాలుగు కాగితాలు ముందుకి తిప్పితే ఒక్క చుక్క మరక లేదు. ఆ భాగంలో పేజీలు కొత్త నోట్లలా ఫెళఫెళలాడుతున్నాయి. చేపల వంటలు. ఆ ఇంట్లో చేపలు వండలేదని నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. సూప్‌ల దగ్గర రెండు వంటకాల మీద కొట్టివేత గీతలు. ఒకచోట గీత గట్టిగా కొట్టి కాగితం చింపేశారు. ఆ పూట ఏం జరిగిందో ఏమో పాపం.

నాకు అక్కడ విషయం తట్టింది. అచ్చయిన రోజున ఆ పుస్తకం ఒక్కరు రాసింది. ఇంట్లో ముప్పై ఏళ్లు తిరిగాక అది ముగ్గురు రాసిన పుస్తకం. బజార్లో దొరికే కొత్త కాపీలో మిగతా ఇద్దరూ ఉండరు. ఫోన్‌లో ఒకే వంటకాన్ని వందసార్లు తెరిచినా అది మొదటిసారి తెరిచినట్టే ఉంటుంది. మనం వండామన్న ఆనవాలు దాని మీద పడదు. వెబ్‌పేజీ కూడా మనల్ని గుర్తుపెట్టుకుంటుంది కదా అంటారేమో. పెట్టుకుంటుంది, మర్నాడు గిన్నెల ప్రకటన చూపించడానికి. (నవ్వులు)

సరే, ఇక కాస్త వెనక్కి వెళ్దాం. ఫోన్‌లో మనం చూసే వంటకానికి ఒక రూపం ఉంది కదా, పైన దినుసులు, పక్కన కొలతలు, కింద తయారీ విధానం. ఆ రూపం ఇంటర్నెట్ కనిపెట్టింది కాదు. అచ్చు పుస్తకాలు చాలా అవస్థలు పడి సంపాదించిపెట్టిన ఆస్తి.

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో బాబిలోనియా మట్టిపలకలు కొన్ని ఉన్నాయి. సుమారు 3,700 ఏళ్ల నాటివి. జాన్ బొతేరో అనే ఫ్రెంచి పండితుడు 1980లలో వాటిని పూర్తిగా చదివి వివరించేదాకా అవి వంటలని బయట పెద్దగా ఎవరికీ తెలియలేదు. మాంసం వెయ్యండి, నీళ్లు పొయ్యండి, ఉల్లీ వెల్లుల్లీ దంచి వెయ్యండి, ఇలా నడుస్తుంది. ఎంత వెయ్యాలో, ఎంతసేపు ఉడకాలో చాలామటుకు ఉండదు. రాసినవాళ్లకి తెలుసు, చదివేవాళ్లకీ తెలుసనుకున్నారు. ఆ లెక్కన మనం రాసుకునే "ఉప్పు తగినంత" అనే మాటకి నాలుగు వేల ఏళ్ల వంశవృక్షం ఉన్నట్టే. (నవ్వులు)

1845లో ఇంగ్లండులో ఎలైజా యాక్టన్ అనే కవయిత్రి ఇళ్లల్లో వండుకునేవాళ్ల కోసం ఒక పుస్తకం అచ్చువేశారు. ప్రతి వంటకం చివరా దినుసులు, వాటి కొలతలు, పట్టే సమయం విడిగా తీసి రాశారు. ఇవాళ మనకి ఇందులో వింతేమీ కనిపించదు. ఆ రోజుల్లో మాత్రం పేజీ అంతా చదివితే గానీ గుడ్లు ఎన్ని కావాలో తెలిసేది కాదు. 1861లో ఇసబెల్లా బీటన్ అనే ఆవిడ ఆ పట్టికని కింది నుంచి పైకి తెచ్చారు. పట్టికతోపాటు యాక్టన్ వంటకాలు కూడా బోలెడు ఎత్తిరాశారు, అది కూడా చెప్పుకోవాలి. ఎత్తిరాసిన పుస్తకమే ఎక్కువ పేరు తెచ్చుకుంది. ఆ పేరు పూర్తిగా చూసుకోకుండానే బీటన్ 1865లో, 28 ఏళ్లకే చనిపోయారు.

కొలతల మీద పట్టుబట్టిన మనిషి ఫానీ ఫార్మర్. అమెరికాలో, బోస్టన్‌లో వంట పాఠశాల ప్రిన్సిపాల్. అప్పటిదాకా పుస్తకాల్లో "కోడిగుడ్డంత వెన్న" అని రాసేవారు. ఏ కోడి గుడ్డో చెప్పేవారు కాదు. చెంచా నిండా తీయండి, పైన కత్తి అంచుతో గీకి చదును చేయండి, అప్పుడే అది ఒక చెంచా అన్నారు ఫార్మర్. 1896లో ఆవిడ పుస్తకం వేయడానికి ప్రచురణకర్తలకి ధైర్యం చాల్లేదు. మొదటి 3,000 కాపీల అచ్చు ఖర్చు ఆవిడే పెట్టుకోవాల్సి వచ్చింది. హక్కులు కూడా ఆవిడ దగ్గరే ఉండిపోయాయి, అది ఆవిడకి బాగానే కలిసొచ్చింది. నాకు ఆవిడ మీద గౌరవం ఉంది గానీ, ఆవిడ వల్లే వంటంటే భయపడే జాతి ఒకటి పుట్టిందని కూడా అనుమానం. చెంచా చదునుగా లేకపోతే టెన్షన్ పడేవాళ్లు నాకు తెలుసు. మా ఇంట్లోనే ఒకరున్నారు. నేనే.

ఇప్పుడు ఉల్లిపాయల కథ. ఇది చెప్పకుండా ఉండలేను.

2012లో ఒక అమెరికన్ పాత్రికేయుడు వంటకాలు రాసేవాళ్ల మీద విరుచుకుపడుతూ ఒక వ్యాసం రాశాడు. ఉల్లిపాయలు ముదురు ఎరుపుకి తిరిగి తీపి తేలేదాకా వేగడానికి ఐదు నిమిషాలు, పది నిమిషాలు అని రాస్తున్నారు, శుద్ధ అబద్ధం, ముప్పావు గంట పడుతుంది అన్నాడు. తనే పొయ్యి దగ్గర నిలబడి టైం చూసుకున్నాడు కూడా. బాగుంది. ఐదేళ్ల తర్వాత, 2017లో, పేరున్న ఒక సెర్చ్ ఇంజిన్‌లో ఈ ప్రశ్న అడిగితే జవాబు పైనే పెట్టెకట్టి చూపించింది: సుమారు 5 నిమిషాలు. ఎక్కడినుంచి తీసింది? ఈయన వ్యాసంలోంచే! అబద్ధానికి ఉదాహరణగా ఈయన ఎత్తి చూపించిన వాక్యాన్నే తీసుకుని, నిజమని పైన కూర్చోబెట్టింది. పాపం మళ్లీ ఇంకో వ్యాసం రాసుకున్నాడు.

ఈ కథ చెప్పి యంత్రాన్ని తిట్టి దిగిపోవచ్చు. కానీ న్యాయంగా చూస్తే ఆ ఐదు నిమిషాల అబద్ధాన్ని కనిపెట్టింది యంత్రం కాదు, పత్రికలూ పుస్తకాలూ వేసేవాళ్లే. ముప్పావు గంట అని రాస్తే ఎవరూ వండరని వాళ్ల భయం. నా బల్ల మీదికి వచ్చిన ఒక పుస్తకంలో ఇలాంటి చోటే "10 నిమిషాలు" అన్న అచ్చు అక్షరాల మీద ఎవరో అడ్డంగా గీత కొట్టి, పక్కన "40" అని రాసి, కింద రెండు గీతలు గీశారు. ఆ రెండు గీతల్లో ఆవిడ కోపం కనిపించింది నాకు. పుస్తకం తనంతట తను తప్పు దిద్దుకోలేదు, నిజమే. దిద్దితే మాత్రం ఆ దిద్దుబాటు అక్కడే, ఆ తప్పు పక్కనే, తర్వాత వండేవాళ్ల కంటబడేలా ఉండిపోతుంది.

వీడియోల సంగతి అడుగుతారని తెలుసు. వీడియోకి నేను వ్యతిరేకం కాదండీ. రొట్టె పిండి ఎంత మెత్తగా సాగాలో ఏ పుస్తకమూ వీడియో చూపించినంత బాగా చెప్పలేదు. చెవితమ్మెలా మెత్తగా అని రాస్తారు, చెవి పట్టుకుని చూసుకుంటూ ఉంటాం. (నవ్వులు) కానీ అదే వీడియోలో ఉల్లిపాయలు బాణలిలో తెల్లగా పడతాయి, రెప్పపాటులో ఎర్రగా ప్రత్యక్షమవుతాయి. మధ్యలో కత్తెర పడింది. మనకి సాయం కావాల్సింది సరిగ్గా ఆ కత్తిరించిన ముప్పావు గంటలోనే. మాడుతుందా, మంట తగ్గించాలా, కాసిని నీళ్లు చిలకరించాలా, ఆ ఘడియలన్నీ నేల మీద రాలిపోయాయి.

ఇంకొకటి, వెబ్‌సైట్లలో వంటకం రావడానికి ముందు అంత పెద్ద కథ ఎందుకుంటుందని అందరూ విసుక్కుంటారు. దానికి కారణాలున్నాయి. పేజీ పొడుగైతే ప్రకటనలు ఎక్కువ పడతాయి. పైగా అమెరికా కాపీరైట్ చట్టం ప్రకారం ఉత్త దినుసుల జాబితా మీద ఎవరికీ హక్కు ఉండదు. దాని చుట్టూ సొంత మాటల్లో రాసిన వివరణకి, కథకి మాత్రం ఉండొచ్చు. అందుకని నేను వాళ్లని తిట్టను. వాళ్ల ఇంట్లోనూ పొయ్యి వెలగాలి కదా. నా బాధల్లా వేరే. చేతులకి రొట్టె పిండి అంటుకుని ఉంటుంది, ఆ క్షణానే తెర ఆరిపోతుంది. మోచేత్తో తాకితే వెలుగుతుంది గానీ పేజీ మళ్లీ మొదటికి, ఆ కథ దగ్గరికి పోతుంది. ఒకసారి ముక్కుతో ప్రయత్నించాను. ఫోన్ నా ముఖం గుర్తుపట్టలేదు, పిండి ఉంది మరి. (నవ్వులు)

దాచుకున్న లింకుల గురించి ఎక్కువ చెప్పను. పదేళ్ల కిందట దాచుకున్నవి ఇవాళ ఇంటికెళ్లి తెరిచి చూడండి, ఎన్ని తెరుచుకుంటాయో మీకే తెలుస్తుంది.

పుస్తకంలో నాకు నచ్చేది ఇంకొకటుంది, అది అయిపోతుంది. 200 వంటలంటే 200. ఎవరో ఒక మనిషి కూర్చుని, ఇది ఉండాలి, ఇది అక్కర్లేదు అని తేల్చుకుని, ఇది ముందు నేర్చుకుంటే అది సులువవుతుందని వరస పెట్టి, కింద తన పేరు వేసుకున్నారు. ఫోన్‌లో వెతకాలంటే ముందు పేరు తెలియాలి. పుస్తకంలో వెతుకుతున్నది దొరక్క పక్క పేజీలో చూపు పడినది వండుకుంటాం. అలా అని అచ్చయినవన్నీ మంచివనుకోకండి. బొమ్మల కోసం వేసినవి, రాసినవాళ్లే ఒక్కసారైనా వండి చూడనివి ఉన్నాయి. అవి మా దగ్గరికి ఎప్పుడూ రావు. చినగాలంటే వాడాలి కదా!

కొనేవాళ్లకి పనికొచ్చే రెండు మాటలు, నా వృత్తి తరఫున. పుస్తకాన్ని బల్ల మీద మధ్యకి తెరిచి చేయి తీసేయండి. దానంతటది మూసుకుపోతే వంటగదికి పనికిరాదు. ఫారాలు మడిచి దారంతో కుట్టిన బైండింగ్ అయితే చదునుగా తెరుచుకుంటుంది. ఒట్టి గమ్ము బైండింగ్ అయితే మీరు బలవంతంగా తెరిచి నొక్కుతారు, ఏడాదికల్లా పేజీలు చేతికొస్తాయి. స్పైరల్ చూడ్డానికి బాగుండదు గానీ వంట చేసేవాళ్లకి అదే సుఖం. ఇక ఆ నున్నటి ఆర్ట్ పేపర్. బొమ్మలు మెరుస్తాయి, కాదనను. తడిస్తే దాని పూత మెత్తబడి పక్కపేజీకి అతుక్కుంటుంది, ఆరాక విడదీయబోతే బొమ్మతో సహా ఊడొస్తుంది. అలాంటివి అట్టలా బిగిసిపోయి వస్తే నేను చేతులెత్తేస్తాను. పైగా దాని మీద పెన్సిల్ పడదు. పెన్సిల్ పడని వంట పుస్తకం నాకైతే అక్కర్లేదు.

ఇంకొక పుస్తకం గురించి చెప్పాలి. దీన్ని నేను బాగుచేయలేదు, అచ్చులో చదివానంతే. ఇప్పటి చెక్ దేశంలో తెరెజీన్ అనే ఊరుంది. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు అక్కడ యూదుల్ని నిర్బంధించారు. తిండి లేని ఆ చోట కొందరు ఆడవాళ్లు ఒకరికొకరు చెప్పుకుంటూ, గుర్తున్న వంటలన్నీ దొరికిన కాగితాల మీద రాశారు. కేకులు, పిండివంటలు, విందు భోజనాలు. కొన్నింట్లో దినుసులు తప్పిపోయాయి, కొన్నింట్లో వరస తప్పింది. రాస్తున్నవాళ్లు ఎంత ఆకలితో ఉన్నారో అక్కడ తెలుస్తుంది. మీనా పెఖ్టర్ అనే ఆవిడ 1944లో అక్కడే చనిపోయే ముందు ఆ కట్టని తెలిసినవాళ్ల చేతికిచ్చి, పాలస్తీనాలో ఉన్న కూతురికి చేర్చమన్నారు. చేతులు మారి మారి అది కూతురికి అందేసరికి 1969. అప్పటికి ఆవిడ న్యూయార్కులో ఉంటున్నారు. 1996లో అది పుస్తకంగా అచ్చయింది.

అది చేత్తో కుట్టిన నోటుపుస్తకం. అందరూ అందులోని వంటల గురించి మాట్లాడతారు. నా బుద్ధి మాత్రం ఆ కుట్టు దగ్గరే ఆగిపోతుంది. విడి కాగితాలు రాసుకుని ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. అలాంటి చోట దారం ఎక్కడ సంపాదించారు, సూది ఎవరి దగ్గర ఉంది? వండటానికి ఏమీ లేనివాళ్లు కాగితాలన్నీ వరసగా పేర్చి, పొద్దు చూసుకుని కూర్చుని, కుట్టారు. బైండింగ్ నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకి నేను మొదటి రోజు ఈ సంగతి చెబుతాను. ఎందుకు చెబుతున్నానో మాత్రం వివరించను.

మళ్లీ మన 118వ పేజీ ఆవిడ దగ్గరికి వద్దాం. పుస్తకం నా దగ్గర మూడు వారాలు ఉంది. నూనె మరకల్ని పూర్తిగా కాకపోయినా కొంత లాగేయొచ్చు, దానికి పద్ధతులున్నాయి. చేయమంటారా అని ఫోన్ చేసి అడిగాను. "అయ్యో, మరకలు తీయకండి" అన్నారు కంగారుగా. అప్పటికే తీసేశానేమోనని భయపడ్డట్టున్నారు. తీయలేదండీ అని చెప్పి, చినిగిన అంచులకి పల్చటి జపాన్ కాగితం అతికించి, ఫారాలు విప్పి మళ్లీ కుట్టి, కొత్త వీపు వేశాను.

తీసుకోవడానికి వచ్చినప్పుడు పక్కన ఒక పిల్లవాడు ఉన్నాడు, పదేళ్లుంటాయేమో. ఆవిడ పుస్తకం తీసుకుని, నేను చేసినట్టే బల్ల మీద నిలబెట్టి చేతులు వదిలేశారు. 118 దగ్గరే తెరుచుకుంది. కొత్త కుట్టు వేశాక కూడా అక్కడే తెరుచుకోవడం నాకే ఆశ్చర్యం వేసింది. ఆవిడ ఏమీ అనలేదు, చూస్తూ నిలబడ్డారు. పిల్లవాడు వంగి "కాదు. కప్పే బాగుంది" అని పైకి చదివి, ఇదెవరు రాశారమ్మా అన్నాడు.

డబ్బులు ఇచ్చి గుమ్మం దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చారు. వెనకాల కొన్ని ఖాళీ కాగితాలు కలిపి కుట్టడం కుదురుతుందా అని అడిగారు. ఎన్ని కావాలన్నాను. పిల్లవాడి వైపు చూసి, ఒక ఫారం వేయండి అన్నారు. అంటే 16 పేజీలు. ఆ రోజే కూర్చుని కుట్టి ఇచ్చాను.